విమర్శకుని పదవీధర్మం: కట్టమంచి రామలింగారెడ్డి విశ్వవిద్యాలయ జీవితం

తెలుగు సాహిత్య చరిత్రలో కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) పేరు రెండు వేర్వేరు సందర్భాలలో వినిపిస్తుంది. ఆధునిక కావ్యారంభాన్ని చర్చించేవారు ఆయనను 'ముసలమ్మ మరణము' కర్తగా, ఆధునిక విమర్శను చర్చించేవారు 'కవిత్వతత్త్వ విచారము' కర్తగా పేర్కొంటారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రను చెప్పేవారు ఆయనను తొలి ఉపాధ్యక్షునిగా స్మరిస్తారు. మొదటి కట్టమంచి తెలుగు శాఖలకు పాఠ్యాంశం. రెండవ కట్టమంచి స్నాతకోత్సవ ప్రసంగాలకు ప్రస్తావనాంశం. ఒకే మనిషి జీవితంలోని ఈ రెండు పార్శ్వాలను కలిపి చూసిన పరిశీలనలు తక్కువ. విమర్శకునిగా ఆయన ఏ వివేచనను కోరారో, విద్యాపాలకునిగానూ దానినే కోరారనీ, ఆ వివేచనకు కఠినమైన పరీక్ష 1930లో ఆయన చేసిన రాజీనామా అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ వివేచన ఎక్కడ ఆగిపోయిందో గుర్తించడం కూడా ఇందులో భాగమే.

పదం, పదవి

విశ్వవిద్యాలయానికి పెద్ద అయిన వ్యక్తిని తెలుగులో ఏమని పిలవాలన్న విషయంలో నేటికీ ఏకరూపత లేదు. ఉపాధ్యక్షుడు, ఉపకులపతి, వైస్ ఛాన్సలర్ అనే మూడు మాటలూ వాడుకలో ఉన్నాయి. కులపతి అన్న మాట భారతం నాటిది. నైమిశారణ్యంలో సత్రయాగం చేసిన శౌనకుడు కులపతి. పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి విద్య చెప్పే ఋషికి ఆ పేరు చెల్లుతుందని సంప్రదాయం చెప్తుంది. ఆ నిర్వచనంలో పోషణ, బోధన అనే రెండు బాధ్యతలు ఉన్నాయి గాని రాజాజ్ఞ ప్రసక్తి లేదు.

ఉపాధ్యక్షుడు అన్న మాట బ్రిటిషు పాలనలో ఏర్పడిన పదవికి అనువాదం. అధ్యక్షుడు మద్రాసు గవర్నరు, ఉపాధ్యక్షుడు విద్యావేత్త. పేరును బట్టి ద్వితీయుడైన ఈ వ్యక్తే ఆచరణలో సంస్థను నడిపించాలి. సెనేటులో కూర్చునే న్యాయవాదులు, జమీందారులు, కళాశాలల అధ్యక్షులు ఒకవైపు, నిధులు మంజూరు చేసే ప్రభుత్వం మరొకవైపు ఉండగా అతడు పనిచేయాలి. అతడు ఎవరికి జవాబుదారి? గవర్నరుకా, సెనేటుకా, విద్యార్థులకా, తెలుగు సమాజానికా? శాసనంలో ఇందుకు సమాధానం వెదకవచ్చు. కాని శాసనం చెప్పని సందర్భాలు వచ్చినప్పుడు ఆ పదవిలో ఉన్న మనిషి నడవడియే సమాధానం అవుతుంది. కట్టమంచి జీవితానికి ఉన్న చారిత్రక ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. ఆయన ఆ పదవికి తొలి వ్యక్తి. అనుసరించడానికి ఆయన ముందు పూర్వాచారం ఏదీ లేదు.

విద్యార్థి, కవి, వక్త

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి న్యాయవాది. చిత్తూరులో పాఠశాల చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాలలోని ఆంధ్రభాషాభిరంజని సమాజం నిర్వహించిన కావ్యరచన పోటీ కోసం, ఇరవై ఏళ్లైనా నిండకముందే, 'ముసలమ్మ మరణము' రచించారు. చెరువు కట్ట తెగిపోతుందన్న భయంతో ఊరు అల్లాడిపోతుంటే ఒక ఇంటి చిన్నకోడలు ఊరి కోసం నీళ్లలోకి నడిచివెళ్లిన అనంతపురం ప్రాంతపు కథ ఇది. సి.పి. బ్రౌన్ సేకరణల ద్వారా వెలుగులోకి వచ్చిన ఆ స్థానిక వృత్తాంతాన్ని కావ్యవస్తువుగా స్వీకరించడమే ఆనాటికి సాహసం. నాయిక రాజకన్య కాదు, అప్సరస కాదు, కాపు ఇంటి కోడలు.

ఈ కావ్యం కళాశాల ఆవరణలో, సహవిద్యార్థుల సమాజం కోసం పుట్టిందన్న విషయం గమనార్హం. ఆంగ్ల విద్యను బోధించే సంస్థలోనే తెలుగు కావ్యానికి కొత్త వస్తువు దొరికింది. కళాశాల దేశభాషా సాహిత్యానికి శత్రువు కానవసరం లేదనడానికి ఆయన సొంత ఆరంభమే నిదర్శనం.

పట్టభద్రుడైన తరువాత ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లి చరిత్ర చదివారు. అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు. ఆ స్థానాన్ని పొందిన తొలి భారతీయుడు ఆయనే. ప్రత్యర్థి వాదాన్ని పూర్తిగా విని, అందులోని బలాన్ని ఒప్పుకొని, తరువాత ఖండించే వాదమర్యాదకు ఆ సభ ప్రసిద్ధి. సభలో సభ్యులు ఓటు వేసి తీర్మానాన్ని గెలిపిస్తారు లేదా ఓడిస్తారు. ఓడినవాడు శత్రువు కాడు. ఈ అభ్యాసం ఆయన సాహిత్య విమర్శలోను, శాసనమండలి ప్రసంగాలలోను, విశ్వవిద్యాలయ పాలనలోను కొనసాగింది.

సంస్థానాలలో నేర్చిన పాఠం

స్వదేశానికి తిరిగి వచ్చాక కట్టమంచి తొలి ఉద్యోగం బరోడాలో లభించింది. సయాజీరావు గాయక్వాడ్ పాలనలోని ఆ సంస్థానం విద్యావ్యాప్తికి పేరుపొందింది. అంతకుముందు అరవింద ఘోష్ పనిచేసిన కళాశాలలోనే ఆయన కూడా పనిచేశారు. కొద్దికాలానికి మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకునిగా చేరి, తరువాత దానికి అధ్యక్షులయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశీయ సంస్థానాలలో స్థాపితమైన తొలి విశ్వవిద్యాలయం అదే. దాని పుట్టుకను ఆయన లోపలినుంచి చూశారు. 1918 నుంచి 1921 వరకు మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలుగా ఉన్నారు.

మైసూరు ఆయనకు రెండు పాఠాలు నేర్పింది. పాలకుడు విద్యాభిమాని అయితే సంస్కరణలు ఎంత వేగంగా సాగగలవో మొదటిది చెప్పింది. బ్రాహ్మణేతర వర్గాలకు విద్యలోను, ఉద్యోగాలలోను తగిన చోటు దక్కాలన్న వాదం మైసూరులో బలపడుతున్న కాలం అది. ఆ వాదానికి ఊతమిచ్చిన విద్యాధికారులలో కట్టమంచి ముఖ్యులు. రెండవ పాఠం దానికి విలోమం. పాలకుని అభిమానం మీద నిలిచిన విద్యాసంస్థ ఆ అభిమానం ఉన్నంతకాలమే నిలుస్తుంది. సంస్థానంలో విద్యాధికారి ఎంత ఉన్నతుడైనా ఉద్యోగియే. 1921లో ఆయన ఆ ఉద్యోగాన్ని వదలి మద్రాసు రాజధాని రాజకీయాలలో ప్రవేశించారు.

మైసూరు కాలంలోనే, 1914లో, 'కవిత్వతత్త్వ విచారము' వెలువడింది. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను కేంద్రంగా తీసుకొని, కావ్యానికి ప్రాణం భావనాశక్తి అని ప్రతిపాదించిన గ్రంథం ఇది. వర్ణనలను లెక్కించి, అలంకారాలను గుర్తించి, ఇది ఉత్తమమని తీర్పు చెప్పే పద్ధతిని ఆయన అంగీకరించలేదు. కథలో సంగతి ఉన్నదా, పాత్రల నడవడికి కారణం ఉన్నదా, వర్ణన కథకు ఉపకరిస్తున్నదా అని అడిగారు. ప్రబంధ కవులలో ఎందరో పూజ్యులు ఆ ప్రశ్నలకు నిలవలేదు. గ్రంథం వెలువడినప్పుడు పండితులకు కోపం కలగడానికి ఆయన చెప్పిన నిర్ణయాలకంటె, పూజ్యతను ప్రమాణంగా ఒప్పుకోని ఆ పద్ధతియే ఎక్కువ కారణం.

అదే దశకు చెందిన మరొక కృషి 'అర్థశాస్త్రము'. పాశ్చాత్య ఆర్థిక సిద్ధాంతాలను తెలుగు చదువరికి తెలుగులో వివరించడానికి పూనుకున్న తొలి రచనలలో ఇది ఒకటి. తెలుగు కావ్యానికే పరిమితమైన భాష కాదనీ, శాస్త్ర చర్చకు కూడా సమర్థమనీ ఆయన వాదించకుండానే చేసి చూపారు. ఈ గ్రంథం వ్యాసం చివర మళ్లీ చర్చకు వస్తుంది.

శాసనమండలి నుంచి విశ్వవిద్యాలయానికి

మద్రాసు శాసనమండలిలో కట్టమంచి మొదట జస్టిస్ పార్టీ సభ్యులు. పానగల్లు రాజా నాయకత్వంలోని మంత్రివర్గంతో విభేదించి, 1923లో అసమ్మతి సభ్యులతో కలిసి యునైటెడ్ నేషనలిస్ట్ పార్టీగా ఏర్పడ్డారు. అదే సంవత్సరం నవంబరులో ఆ మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. మద్రాసు శాసనమండలి చూసిన తొలి అవిశ్వాస తీర్మానం అది. అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చి తీర్మానం ఓడిపోయింది. ద్వంద్వ ప్రభుత్వ విధానంలో మంత్రులకు ఉన్న అధికారమే స్వల్పం. అయినా ఆ స్వల్పాధికారం సైతం సభకు జవాబు చెప్పుకోవలసిందేనన్న సూత్రం ఆ చర్చతో స్థిరపడింది.

ఆ మంత్రివర్గంలో విద్యాశాఖను నిర్వహించినవారు ఎ.పి. పాత్రో. తెలుగు జిల్లాలకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటు పెరుగుతూ వచ్చింది. దానికి శాసనరూపం ఇచ్చిన బిల్లును పాత్రోనే తీసుకువచ్చారు. 1925లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనం ఆమోదం పొందింది. 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా విశ్వవిద్యాలయం ఆరంభమైంది. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి.

ఈ క్రమాన్ని సాహిత్య చరిత్రకారులు తరచు ఒక వాక్యంలో దాటిపోతారు. మంత్రివర్గంపై విశ్వాసం లేదని సభలో ప్రకటించిన వ్యక్తి, మూడేళ్లు తిరగకుండానే, ఆ మంత్రివర్గం సృష్టించిన సంస్థకు అధిపతి అయ్యారు. ఇందులో ఆనాటి ప్రజాజీవితపు వాదమర్యాద కొంత కనిపిస్తుంది. తెలుగువారిలో విద్యాపాలనానుభవం ఉన్న పెద్దలు ఎంత కొద్దిమందో కూడా కనిపిస్తుంది. ఏ కారణం చేతనైనా, ప్రభుత్వాన్ని విమర్శించడం నేర్చినవాడే ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయానికి తొలి పెద్ద కావడం ఆ సంస్థ స్వభావాన్ని నిర్ణయించింది.

తొలి అయిదేళ్లు, రాజీనామా

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అనేది ఒక కార్యాలయం, ఒక సెనేటు, కొన్ని అనుబంధ కళాశాలలు. అది పరీక్షలు నడిపి పట్టాలు ఇచ్చే సంస్థ. సొంతంగా బోధించే శాఖలు లేవు. కేంద్రస్థానం ఎక్కడ ఉండాలన్న వివాదం మొదటి రోజు నుంచే ఉంది. బెజవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, అనంతపురం అన్నిటికీ పక్షపాతులు ఉన్నారు. చివరకు 1930లో కేంద్రం వాల్తేరుకు మారింది. రాయలసీమ ప్రాంతంలో మద్రాసు విశ్వవిద్యాలయంతోనే కొనసాగాలన్న మొగ్గు బలంగా ఉండేది. స్వయంగా చిత్తూరు జిల్లావాడైన ఉపాధ్యక్షుడు, తన సొంత జిల్లా మనసు పూర్తిగా చేరని సంస్థను తీరప్రాంతంలో నిర్మించవలసివచ్చింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోను విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న అంశం చేరడానికి మూలం ఈ అసంతృప్తిలోనే ఉంది.

సంస్థకు ఆయన ఇచ్చిన తొలి రూపంలో తెలుగు పేరు, చిహ్నం ముఖ్యమైనవి. విశ్వకళాపరిషత్తు అన్న పేరులో కళ అంటే విద్య, పరిషత్తు అంటే విద్వత్సభ. కౌతా రామమోహనశాస్త్రి రూపొందించిన చిహ్నం, ఉపనిషత్తుల శాంతిపాఠం నుంచి తీసుకున్న ఆదర్శవాక్యం ఆ సంస్థకు నేటికీ గుర్తులు. గురుశిష్యులిద్దరి అధ్యయనమూ తేజోవంతం కావాలన్న ఆ వాక్యంలో అధికారానికి చోటు లేదు. ఉన్నది సహాధ్యయనం.

1930 ఏప్రిల్‌లో దండి వద్ద ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించడంతో శాసనోల్లంఘనోద్యమం దేశమంతటా వ్యాపించింది. తెలుగు తీరంలోను ఉప్పు శిబిరాలు వెలిశాయి. లాఠీ దెబ్బలు, అరెస్టులు నిత్యకృత్యమయ్యాయి. ఉద్యమంలో చేరినవారిలో విద్యార్థులు, అధ్యాపకులు, న్యాయవాదులు, అంటే విశ్వవిద్యాలయానికి చెందిన సమాజమే ఉంది. వారిని కొట్టించిన ప్రభుత్వానికి అధిపతి గవర్నరు. ఆ గవర్నరే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా కట్టమంచి ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశారు.

ఆయన సత్యాగ్రహి కారు. గాంధీ మార్గాన్ని సంపూర్ణంగా అనుసరించినవారూ కారు. కేంబ్రిడ్జి లిబరలు వాతావరణంలో, శాసనసభా పద్ధతులలో పెరిగిన ఆలోచన ఆయనది. అందువల్ల ఆ రాజీనామాను ఉద్యమ చరిత్రలో ఒక త్యాగంగా మాత్రమే లెక్కించడం చాలదు. దానిని పదవికి సంబంధించిన ఒక వ్యాఖ్యానంగా చదవాలి. ఉపాధ్యక్షుడు ప్రభుత్వోద్యోగి అయితే ప్రభుత్వ విధానంతో అతనికి నిమిత్తం లేదు, తన పని తాను చేసుకుపోవాలి. ఉపాధ్యక్షుడు ఒక విద్వత్సమాజానికి ప్రతినిధి అయితే, ఆ సమాజాన్ని దండించే అధికారంతో వేదిక పంచుకోవడం అతనికి సాధ్యం కాదు. కట్టమంచి రెండవ అర్థాన్ని ఎంచుకున్నారు. పూజ్యతను ప్రమాణంగా ఒప్పుకోని విమర్శకుడు అధికారాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకోలేదు.

పునరాగమనం, దాని ప్రశ్నలు

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులయ్యారు. వాల్తేరులో విశ్వవిద్యాలయ కళాశాల ఆ సంవత్సరమే మొదలైంది. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం వంటి శాఖలు, తరువాత విజ్ఞానశాస్త్ర శాఖలు ఏర్పడ్డాయి. తెలుగులో ఆనర్సు స్థాయి బోధనకు పింగళి లక్ష్మీకాంతం వంటి పండితులు వచ్చారు. టి.ఆర్. శేషాద్రి, ఎస్. భగవంతం, వి.కె.ఆర్.వి. రావు, హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువ విద్వాంసులు అక్కడ పనిచేశారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ సాలీనా లక్ష రూపాయల శాశ్వత విరాళం ప్రకటించడంతో విజ్ఞానశాస్త్ర విభాగాలకు ఆధారం దొరికింది. పరీక్షల కార్యాలయం బోధనా సంస్థగా మారింది రాధాకృష్ణన్ కాలంలోనే. ఈ విషయాన్ని కట్టమంచి కీర్తి కోసం మరుగుపరచవలసిన అవసరం లేదు.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్లగా కట్టమంచి తిరిగి ఉపాధ్యక్షులై, 1949 వరకు కొనసాగారు. పదమూడేళ్ల ఈ రెండవ దశ మొదటి దశకంటె దీర్ఘం, సాహసం విషయంలో తక్కువ ప్రసిద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆవరణ సైనికావసరాలకు వెళ్లడంతో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక 1946లో వాల్తేరుకు తిరిగి వచ్చింది. ప్రయోగశాలలు, గ్రంథాలయం, అధ్యాపకులు, విద్యార్థులతో సంస్థ మొత్తం ఒక పట్టణం నుంచి మరొక పట్టణానికి వెళ్లి, చెదరకుండా తిరిగి రావడం పాలకుని ఓర్పుకు పరీక్ష. ఇందులో కావ్యవస్తువు లేదు. అందుకే దీనిని ఎవరూ స్మరించరు.

ఆ 1942లోనే బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు 'సర్' బిరుదు ఇచ్చింది, ఆయన స్వీకరించారు. అది క్విట్ ఇండియా సంవత్సరం. 1930లో దమననీతికి నిరసనగా పదవిని వదలిన వ్యక్తి 1942లో అదే ప్రభుత్వం చేతి బిరుదును ఎలా ధరించారన్న ప్రశ్న సహజం. అభిమానుల రచనలు ఈ ప్రశ్నను దాటవేస్తాయి. ప్రత్యర్థులు దీనిని అవకాశవాదం అని ముగిస్తారు. రెండు పద్ధతులూ విమర్శకు తగినవి కావు.

రెండు సందర్భాలలో ఉపాధ్యక్షుని ముందున్న సంస్థ ఒకటి కాదన్నది గమనించాలి. 1930లో విశ్వవిద్యాలయం ప్రధానంగా అనుబంధ కళాశాలల సమూహం. ఉపాధ్యక్షుడు తొలగినంతమాత్రాన ఏ తరగతి ఆగదు, ఏ ప్రయోగం చెడదు. రాజీనామా ఆ స్థితిలో నైతిక ప్రకటన, దాని ఖర్చు ప్రధానంగా వ్యక్తిది. 1942లో విశ్వవిద్యాలయం ఆవరణ కోల్పోయిన బోధనా సంస్థ. నిధులు, భవనాలు, యుద్ధానంతర పునరాగమనం అన్నీ ప్రభుత్వంతో సంప్రదింపుల మీద ఆధారపడి ఉన్నాయి. అప్పుడు ఉపాధ్యక్షుడు తొలగిపోతే దాని ఖర్చు విద్యార్థిది. ఇది బిరుదు స్వీకరణకు సమర్థన కాదు. పదవిలో ఉండిపోవడానికి కారణం చెప్పగలదు గాని, అలంకారాన్ని ధరించడానికి కారణం చెప్పలేదు. సంస్థ పెరిగిన కొద్దీ దాని అధిపతి స్వేచ్ఛ తరుగుతుందన్న సత్యం మాత్రం ఈ రెండు తేదీల మధ్య స్పష్టమవుతుంది. కట్టమంచి తరువాత వచ్చిన ప్రతి ఉపాధ్యక్షుడూ ఎదుర్కొన్న సమస్య ఇదే.

భాషా ప్రశ్న: వాల్తేరు, హైదరాబాదు

ఆయన వివేచన ఆగిపోయిన చోటు ఒకటి ఉంది. 'అర్థశాస్త్రము' రచయిత నడిపిన విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాన్ని ఇంగ్లీషులోనే బోధించారు. తెలుగు ఒక శాఖ అయింది, బోధనా మాధ్యమం కాలేదు. తెలుగు రచయితలను గౌరవించడంలో విశ్వకళాపరిషత్తు ఉదారంగానే ప్రవర్తించింది. కళాప్రపూర్ణ బిరుదుతో పండితులను, కవులను సన్మానించింది. కట్టమంచి స్వయంగా గ్రాంథిక శైలిలో రాసినవారు. అయినా ఆయన ఉపాధ్యక్షునిగా ఉండగానే, 1938లో, వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తికి ఆ గౌరవం లభించింది. ప్రత్యర్థి వాదానికి చోటివ్వగల సంస్కారం ఇది. కాని సన్మానం వేరు, మాధ్యమం వేరు.

కాలం అనుకూలించలేదని వాదించవచ్చు. పాఠ్యగ్రంథాలు లేవు, పరిభాష స్థిరపడలేదు, ఉద్యోగాలు ఇంగ్లీషుతో ముడిపడి ఉన్నాయి. అయితే ఆ కాలంలోనే, పొరుగున ఉన్న హైదరాబాదు రాజ్యంలో, ఇందుకు భిన్నమైన ప్రయోగం జరిగింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. పాఠ్యగ్రంథాలు లేవన్న సమస్యకు సమాధానంగా అనువాద విభాగాన్ని ముందుగానే, 1917లోనే, ఏర్పాటు చేసింది. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రాలను భారతీయ భాషలో బోధించవచ్చునని అక్కడ రుజువైంది. ఆ ప్రయోగానికి రాజాజ్ఞ అండ ఉందనీ, ఆ భాష రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగు ప్రజల భాష కాదనీ మరువరాదు. తెలంగాణ తెలుగు విద్యార్థికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. అంటే ఒకచోట ప్రజాప్రతినిధుల శాసనంతో పుట్టిన విశ్వవిద్యాలయం పరభాషలో బోధించింది. మరొకచోట రాజాజ్ఞతో పుట్టిన విశ్వవిద్యాలయం దేశభాషలో బోధించింది గాని, తెలుగులో బోధించలేదు. రెండు చోట్లా తెలుగు విద్యార్థి తన భాషలో ఉన్నత విద్యను అందుకోలేకపోయాడు.

1948–49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, ఉన్నత విద్యలో ఇంగ్లీషు స్థానంలో భారతీయ భాషలు రావాలని సిఫారసు చేసింది. తెలుగులో డిగ్రీ స్థాయి పాఠ్యగ్రంథాల ప్రచురణకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. 1982లో హైదరాబాదులో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, జి. రాంరెడ్డి తొలి ఉపాధ్యక్షునిగా, తెలుగు మాధ్యమ పాఠాలను కళాశాల మెట్లు ఎక్కలేని వారి ఇళ్లకు చేర్చింది. ఆ సంస్థకు 1985లో ఉపాధ్యక్షులైన సి. నారాయణరెడ్డి జీవితం కట్టమంచి జీవితానికి ఒక పోలిక. ఉర్దూ మాధ్యమంలో చదివి, 1950 దశకంలో సికిందరాబాదు కళాశాలలో తెలుగు అధ్యాపకునిగా పని మొదలుపెట్టి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను పరిశోధించి, సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, తరువాత తెలుగు విశ్వవిద్యాలయానికీ ఉపాధ్యక్షులయ్యారు. కవి, పరిశోధకుడు విశ్వవిద్యాలయ పాలకుడు కావడం కట్టమంచితో మొదలైన మార్గం. 'అర్థశాస్త్రము' ఆశించిన తెలుగు శాస్త్రపాఠం ఒక విశ్వవిద్యాలయపు నిత్యకృత్యం కావడానికి మాత్రం ఆయన మరణానంతరం మూడు దశాబ్దాలు పట్టింది.

ముగింపు

కట్టమంచి 1949లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును వీడి, మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలరుగా వెళ్లారు. 1951 ఫిబ్రవరి 24న మరణించారు. వాల్తేరులో ఆయన స్థానాన్ని వి.ఎస్. కృష్ణ స్వీకరించారు.

ఆయన విశ్వవిద్యాలయ జీవితాన్ని మూడు ప్రమాణాలతో తూచవచ్చు. నిర్మాణం ప్రమాణమైతే ఆ కీర్తిని రాధాకృష్ణన్‌తో పంచుకోవాలి. భాష ప్రమాణమైతే, రచయితగా తాను తెరచిన దారిలో పాలకునిగా నడవలేదని ఒప్పుకోవాలి. స్వయంప్రతిపత్తి ప్రమాణమైతే 1930 నాటి రాజీనామాకు తెలుగు విద్యాచరిత్రలో సాటి రాగల సంఘటనలు స్వల్పం. ఈ మూడింటిలో ఏది ముఖ్యమన్నది చదువరి విశ్వవిద్యాలయం నుంచి ఏమి ఆశిస్తాడన్న దానిపై ఆధారపడుతుంది.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేక ప్రయోజనం ఉంది. 'కవిత్వతత్త్వ విచారము'ను పాఠంగా చెప్పేటప్పుడు అది ఎవరు రాశారో చెప్తారు గాని, ఆ పద్ధతిని ఆ రచయిత తన పదవి మీద కూడా ప్రయోగించారని చెప్పరు. కావ్యం పూజ్యమైనదైనా దాని సంగతిని ప్రశ్నించవచ్చునన్న సూత్రం, సంస్థ పూజ్యమైనదైనా దాని నడవడిని ప్రశ్నించవచ్చునన్న సూత్రానికి సమీపంలోనే ఉంది. 1942 నాటి బిరుదును, తెలుగు మాధ్యమం విషయంలోని మౌనాన్ని కూడా ఆ సూత్రంతోనే పరిశీలించాలి. కట్టమంచిని విమర్శకునిగా గౌరవించే పద్ధతి ఆయన జీవితాన్ని కూడా ఆయన ప్రమాణాలతో చదవడమే.